మునిసిపల్ చైర్మను నుండి ముఖ్యమంత్రి వరకు: ఆంధ్రకేసరి ప్రకాశం పంతులు

తాడేపల్లిగూడెం పట్టణంలో పదునెనిమిదేండ్లు నిండి ఓటర్ల జాబితాలో పేరు నమోదైన విద్యార్థి గాని, విద్యార్థిని గాని ముగ్గురు ప్రజాప్రతినిధులను ఎన్నుకొనే హక్కు పొందుతారు. తన వార్డునుండి పురపాలక సంఘానికి ఒక కౌన్సిలరును, తాడేపల్లిగూడెం నియోజకవర్గం నుండి రాష్ట్ర శాసనసభకు ఒక సభ్యుని, నరసాపురం నియోజకవర్గం నుండి లోక్‌సభకు ఒక సభ్యుని ఎన్నుకొంటారు. చుట్టుపట్ల గ్రామాలవారికి సర్పంచి, పంచాయతీ వార్డు సభ్యుడు, మండల, జిల్లా పరిషత్తు ప్రాదేశిక సభ్యులు అదనం. ఇందరిని ఎన్నుకొనే మనలో చాలామందికి వీరిలో ఎవరి అధికారం ఎంతవరకో, ఎవరిని ఏ పనికి అడుగవలెనో స్పష్టంగా తెలియదు. మురుగుకాలువ పూడిపోతే పార్లమెంటు సభ్యుని నిందిస్తాము. రైలు ఆగకపోతే కౌన్సిలరుతో వాదిస్తాము. అడుగరాని వారిని అడిగినందువలన, అడుగవలసిన వారు జవాబు చెప్పకుండా తప్పించుకొనే అవకాశం కలుగుతున్నది.

ఈ విషయాన్ని పౌరశాస్త్ర గ్రంథంలో చదువుట ఒక మార్గం. ఈ మెట్లన్నింటిమీద స్వయంగా నిలిచిన ఒక మహనీయుని జీవితం ద్వారా తెలిసికొనుట మరొక మార్గం. పురపాలక సంఘాధ్యక్షుడుగా, కేంద్ర శాసనసభ సభ్యుడుగా, రాష్ట్ర మంత్రిగా, ఉమ్మడి మదరాసు రాష్ట్ర ప్రధానిగా, ఆంధ్ర రాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రిగా పనిచేసిన ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారి జీవితం అందుకు తగినది. ఆయా పదవులలో వారు సాధించినదేమి, సాధించలేకపోయినదేమి అని పరిశీలించినచో ఆ పదవుల శక్తి, పరిమితి రెండూ మనకు బోధపడతాయి.

ప్రకాశం పంతులుగారు 1872 ఆగస్టు 23వ తేదీన ఒంగోలు సమీపమున వినోదరాయునిపాలెంలో జన్మించారు. తండ్రి గోపాలకృష్ణయ్య, తల్లి సుబ్బమ్మ. బాల్యంలోనే పితృవియోగం కలిగింది. ఆ తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి బిడ్డలను పోషించింది. నాటకాలలో వేషాలు వేస్తూ, అల్లరి పిల్లవాడని పేరు పొందుతూ పెరిగిన ఆ బాలునిలోని ప్రతిభను గుర్తించినవారు ఉపాధ్యాయులు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు. వారు తమతోపాటు ఆయనను రాజమహేంద్రవరానికి తీసికొనిపోయి చదివించారు. పిమ్మట మదరాసులో న్యాయశాస్త్రం చదివి, ద్వితీయశ్రేణి ప్లీడరై, మొదట ఒంగోలులోను, తరువాత రాజమహేంద్రవరంలోను వకీలు వృత్తి సాగించి ప్రకాశంగారు పేరు, ధనం కూడ సంపాదించారు. పేదవాని బిడ్డ పెద్ద పదవికి రాగలడనుటకు ఈనాడు మనకు ఉదాహరణలు వెదకనక్కరలేదు. ఆ కాలంలో అది సామాన్య విషయం కాదు.

వారి రాజకీయ జీవితానికి మొదటి మెట్టు రాజమహేంద్రవరం పురపాలక సంఘం. మన ఏలూరు పురపాలక సంఘం వలెనే అదికూడ 1866లో ఏర్పడినది. 1882లో లార్డు రిప్పను స్థానిక స్వపరిపాలనను గూర్చి చేసిన తీర్మానం వలనను, 1884నాటి మదరాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం వలనను పట్టణ ప్రజలకు కొంత అధికారం దక్కింది. ఆ కొంత ఎంతటిదో గమనించవలెను. కౌన్సిలులో కొందరు పన్ను చెల్లించేవారిచే ఎన్నికైనవారు, మరికొందరు ప్రభుత్వంచే నియమితులు. వారందరిపైన కలెక్టరు పర్యవేక్షణ ఉండేది. పన్ను కట్టలేని పేదవానికి ఓటు లేదు. అట్టి సంఘానికి ప్రకాశంగారు 1904లో, ముప్పదియేండ్లు దాటిన కొద్దికాలానికే, చైర్మనుగా ఎన్నికైనారు.

పురపాలక సంఘం పని పెద్ద మాటలతో జరిగేది కాదు. మంచినీరు, మురుగుకాలువలు, వీథిదీపాలు, పారిశుధ్యం, పన్నుల వసూలు: ఇవే దాని ప్రపంచం. కాని ప్రతి దినమూ ప్రజల కంటికి కనిపించే ప్రభుత్వం ఇదే. చైర్మను పొరపాటు చేస్తే సాయంకాలానికి వీథిలో అందరికీ తెలుస్తుంది. రాజకీయాలలో ప్రవేశించేవారికి ఇంతకు మించిన పాఠశాల లేదు. మన తాడేపల్లిగూడెం 1958లో పురపాలక సంఘం అయినది. 1992లో ఆమోదం పొంది 1993లో అమలులోకి వచ్చిన 73, 74వ రాజ్యాంగ సవరణల వలన పంచాయతీలకు, పురపాలక సంఘాలకు రాజ్యాంగంలోనే స్థానం లభించింది. పంచాయతీలకు 29 అంశాలను, పురపాలక సంఘాలకు 18 అంశాలను పేర్కొంటూ రెండు షెడ్యూళ్లు చేరాయి. స్త్రీలకు, వెనుకబడిన వర్గాలకు స్థానాల కేటాయింపు ఏర్పడింది. ప్రకాశంగారు చైర్మనుగా ఉన్ననాటి సంఘం ప్రభుత్వం దయతో నడిచినది. నేటి సంఘం రాజ్యాంగం అండతో నడుస్తున్నది. అయితే నిధులకు, ఉద్యోగులకు నేటికీ రాష్ట్ర ప్రభుత్వంపైనే ఎక్కువగా ఆధారపడవలసి వస్తున్నదన్న సంగతి కూడ మరువరాదు.

అదే సంవత్సరం ప్రకాశంగారు బారిష్టరు చదువు కొరకు ఇంగ్లండు వెళ్లారు. అక్కడ వారికి మరొక పాఠం లభించింది. మన దేశం నుండి బ్రిటిషు పార్లమెంటులో ప్రవేశించిన దాదాభాయి నౌరోజీగారు 1906లో మరల కామన్సు సభకు పోటీచేసినపుడు ప్రకాశంగారు వారి ఎన్నిక కొరకు పనిచేశారు. నౌరోజీగారు ఆ ఎన్నికలో ఓడిపోయారు. భారతదేశపు చట్టాలను నిర్ణయించే సభ ఆరువేల మైళ్ల దూరంలో ఉన్నదనీ, అందులో ప్రవేశించుటకు భారతీయుడు పరాయి ఊరి ఓటర్లను ప్రాధేయపడవలసి ఉన్నదనీ ఆ యువకునికి ప్రత్యక్షంగా తెలిసివచ్చింది.

1907లో తిరిగివచ్చి మదరాసు హైకోర్టులో బారిష్టరుగా ప్రకాశంగారు అపారమైన ధనం ఆర్జించారు. ఆ ఏడు బిపిన్ చంద్రపాల్‌గారు మదరాసులో ఉపన్యసించినపుడు అధ్యక్షత వహించుటకు పలువురు వెనుదీయగా, ప్రకాశంగారు ముందుకు వచ్చారు. 1921లో సహాయ నిరాకరణోద్యమంలో చేరి వృత్తిని విడనాడారు. ఆ సంవత్సరమే స్వరాజ్య అనే పత్రికను స్థాపించి, తమ ఆస్తి నంతటిని దానికే ధారపోశారు. హిందువులు, ముసల్మానులు ఖిలాఫత్, సహాయ నిరాకరణ ఉద్యమాలలో భుజం భుజం కలిపి నడచిన రోజులవి. మలబారులో మాప్పిళ్లల తిరుగుబాటు చెలరేగినపుడు నిషేధాన్ని లెక్కచేయక ప్రకాశంగారు అక్కడికి వెళ్లి, ఫలితంగా ఉదకమండలంలోని తమ ఆస్తిని పోగొట్టుకొన్నారు.

1926లో వారు ఢిల్లీలోని కేంద్ర శాసనసభకు ఎన్నికైనారు. ఇది రెండవ మెట్టు. పైకి చూచినచో చాల ఎత్తైనది. కాని ఆ సభకు బాధ్యత వహించే మంత్రివర్గం లేదు. సభ్యులు ప్రశ్నలు వేయవచ్చు, బడ్జెట్టుపై చర్చించవచ్చు, బిల్లును తిరస్కరించవచ్చు. అయినను సభ కాదన్నదానిని వైస్రాయి తన ప్రత్యేకాధికారంతో అమలుచేయవచ్చు. రాజమహేంద్రవరం చైర్మను ఒక వీథిదీపం పెట్టించగలడు. ఢిల్లీలోని శాసనసభ్యుడు వైస్రాయిని కదిలించలేడు. పదవి ఎత్తు వేరు, అధికారం వేరు అని ఈ ఘట్టం చెప్పుచున్నది.

అందుచేతనే ప్రకాశంగారికి చిరకీర్తి తెచ్చినది శాసనసభలోని ఉపన్యాసం కాదు. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్ బొంబాయిలో దిగిన దినమున మదరాసులో హర్తాళు జరిగింది. హైకోర్టు సమీపమున పోలీసు కాల్పులలో ఒకరు మరణించారు. ఆ మృతదేహమును చూడబోయిన ప్రకాశంగారిని పోలీసులు తుపాకులతో అడ్డగించగా, వారు రొమ్ము చూపి నిలబడ్డారు. ఆనాటి నుండి ఆంధ్రకేసరి అనే బిరుదు వారి పేరులో భాగమైపోయింది. 1930లో శాసనసభ సభ్యత్వమునకు రాజీనామా ఇచ్చి ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొన్నారు.

1935నాటి భారత ప్రభుత్వ చట్టం రాష్ట్రాలకు స్వపరిపాలన ఇచ్చింది. దాని ప్రకారం 1937లో ఎన్నికలు జరిగి, మదరాసులో రాజగోపాలాచారిగారి మంత్రివర్గం ఏర్పడింది. అందులో ప్రకాశంగారు రెవిన్యూ మంత్రి. జమీందారీ రైతుల స్థితిని విచారించుటకు ఏర్పడిన సంఘానికి వారు అధ్యక్షులు. మన పశ్చిమగోదావరి మెట్టప్రాంతంలోను, నూజివీడు వంటి ఎస్టేటులలోను రైతులు జమీందారుల శిస్తుభారం క్రింద నలిగిన కథలు మన పెద్దల నోట మనం విన్నవే. భూమికి నిజమైన హక్కుదారు రైతేననీ, 1802నాటి శాశ్వత పైసలా కాలంలో ఉన్న శిస్తుకు మించి వసూలు చేయరాదనీ 1938లో ఆ సంఘం సమర్పించిన నివేదిక సారాంశం. అది చట్టరూపం ధరించకముందే 1939లో కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. 1948లో ఎస్టేటుల రద్దు చట్టం వచ్చినపుడు గాని ఆ ఆలోచన ఫలించలేదు. ప్రజాప్రతినిధి నాటిన విత్తనం పదేండ్లకు మొలకెత్తవచ్చు. శాసనసభ్యుని పని చట్టం చేయుట. ఆ పని కంటికి వెంటనే కనిపించదు కనుక దానిని తక్కువగా అంచనా వేయరాదు.

నాటి ఎన్నికలను గూర్చి మరొక విషయం విద్యార్థులు తెలిసికొనవలెను. ఆ ఓటుహక్కు ఆస్తి, చదువు ఉన్నవారికే పరిమితం. దేశం మొత్తంమీద సుమారు 3 కోట్ల మందికి మాత్రమే లభించింది. 1909నాటి సంస్కరణల నుండి ముసల్మానులకు ప్రత్యేక ఓటర్ల జాబితాలు, ప్రత్యేక స్థానాలు ఉండేవి. అనగా ఒకే వీథిలో ఇరుగుపొరుగున ఉన్న ఇద్దరు వేరువేరు అభ్యర్థులకు ఓటు వేసేవారు. ఒకరి ఓటు రెండవవారి అభ్యర్థికి అవసరం లేదు గనుక, ఒకరి గోడు రెండవవారి ప్రతినిధికి పట్టవలసిన అగత్యమూ లేకపోయింది. 1950లో మన రాజ్యాంగం ఈ గోడను తొలగించి, వయోజనులందరికి ఒకే జాబితా ఏర్పరచింది. 1951-52 ఎన్నికలనాటికి ఓటర్లు 17 కోట్లు దాటారు. నేడు ఏ అభ్యర్థి అయినను అన్ని వీథులూ తిరుగక తప్పదు.

క్విట్ ఇండియా ఉద్యమంలో 1942 నుండి 1945 వరకు కారాగారంలో గడిపి వచ్చిన ప్రకాశంగారు 1946 ఏప్రిల్ 30న మదరాసు రాష్ట్ర ప్రధాని అయ్యారు. రాష్ట్రాలలోని ప్రభుత్వాధినేతను ఆ కాలంలో ప్రధాని అనేవారు. కాంగ్రెసు అగ్రనాయకులు రాజగోపాలాచారిగారిని కోరినను, శాసనసభ్యులు అందుకు సమ్మతించక ప్రకాశంగారిని నాయకుడుగా ఎన్నుకొన్నారు. గ్రామాభివృద్ధి కొరకు ఫిర్కా అభివృద్ధి పథకాన్ని వారి ప్రభుత్వం ప్రారంభించింది. బట్టల మిల్లుల విస్తరణను ఆపి ఖద్దరును పెంచవలెనని వారు పట్టుబట్టగా, పారిశ్రామికులే గాక స్వపక్షంలోని వారును ఎదిరించారు. సభ్యులు అభిమానంతో ఇచ్చిన పదవిని సభ్యులే తీసికొన్నారు. 1947 మార్చిలో, ఏడాది నిండకముందే, వారు పదవినుండి తొలగవలసి వచ్చింది.

ఈ సందర్భంలో ఒక కఠిన సత్యాన్ని దాచరాదు. ప్రజలు సభలలో సమర్పించిన నిధులను ప్రకాశంగారు తమ జీవనానికి, ప్రజాకార్యాలకు వేరువేరుగా లెక్క చూపక ఖర్చు చేసేవారని విమర్శ వచ్చింది. 1946లో గాంధీజీయే ఈ విషయమై అభ్యంతరం తెలిపారు. లక్షలు ఆర్జించి దేశానికి అర్పించిన వ్యక్తి స్వార్థపరుడని ఎవరూ అనలేరు. కాని త్యాగశీలుడైనంత మాత్రాన ప్రజాధనానికి లెక్క చెప్పనక్కరలేదని అనుకొనుట సరికాదు. ఈ నియమం నాటి ప్రధానికి ఎంత వర్తిస్తుందో, నేటి గ్రామ సర్పంచికీ, కళాశాల విద్యార్థిసంఘం కార్యదర్శికీ అంతే వర్తిస్తుంది.

తదుపరి ఘట్టం ఆంధ్ర రాష్ట్రావతరణ. 1949లో మదరాసు రాష్ట్ర విభజన సంఘంలో సభ్యులైన ప్రకాశంగారు మదరాసు నగరం విషయమై అసమ్మతి పత్రం వ్రాశారు. ఏకాభిప్రాయం కుదరక రాష్ట్రం ఏర్పడుట వాయిదా పడింది. తరువాత వారు కాంగ్రెసును వీడి ప్రజాపార్టీలో చేరారు. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారి ఆత్మార్పణతో ఆంధ్రదేశం అట్టుడికిపోయింది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినపుడు, ఎనభై యొకటవ ఏట ప్రకాశంగారు దాని ప్రథమ ముఖ్యమంత్రి అయ్యారు. కోరిన నగరం దక్కలేదు. కచేరీలు గుడారాలలో నడచినవి. అయినను పదమూడు నెలల స్వల్పకాలంలో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, గుంటూరులో హైకోర్టు వెలిశాయి. 1952లో తెగిపోయిన కృష్ణ ఆనకట్ట స్థానంలో విజయవాడవద్ద క్రొత్త బ్యారేజికి 1954లో పునాది పడింది. 1957లో పూర్తియైన ఆ బ్యారేజి నేడు వారి పేరుతోనే ఉన్నది. అక్కడి నుండి బయలుదేరిన కృష్ణ కాలువ, తాడేపల్లిగూడెం మీదుగా వచ్చే గోదావరి కాలువ ఏలూరులో కలిసికొంటాయి. కొల్లేటి ప్రాంతపు రైతు పొలానికి నీరు వచ్చిన ప్రతిసారి ఒక ముఖ్యమంత్రి నిర్ణయం కూడ ఆ నీటితో వచ్చుచున్నదన్నమాట.

ఆ ప్రభుత్వం పడిపోయిన విధం పార్లమెంటరీ పద్ధతికి గొప్ప ఉదాహరణ. మద్యనిషేధాన్ని ఎత్తివేయవలెనని రామమూర్తి సంఘం సిఫారసు చేసింది. ప్రకాశంగారు అంగీకరించలేదు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం ఒకే ఒక్క ఓటు ఆధిక్యంతో నెగ్గింది. తుపాకికి రొమ్ము చూపిన కేసరి ఆ ఒక్క ఓటుకు తలవంచి పదవినుండి వైదొలగారు. తుపాకి ముందు నిలుచుటకు ధైర్యం కావలెను. ఓటు ముందు వంగుటకు సంస్కారం కావలెను. ప్రజాస్వామ్యానికి ఈ రెండూ అవసరమే.

పదవి పోయిన పిమ్మట కూడ వారు ప్రజల మధ్య తిరుగుట మానలేదు. 1957 వేసవిలో ఒంగోలు సమీపమున హరిజనవాడలో పర్యటించుచు వడదెబ్బ తగిలి, మే 20వ తేదీన హైదరాబాదులో దివంగతులైనారు. వారు కూడబెట్టిన ఆస్తి లేదు. మిగిలినవి నా జీవిత యాత్ర అనే ఆత్మకథ, ప్రజల మనస్సులో స్థానం. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో వారి పేరు పెట్టారు.

ఎన్నికైన పదవికి, నియమితమైన పదవికి గల భేదం కూడ గ్రహించవలెను. మన ఏలూరు సమీపంలోని గుండుగొలనులో జన్మించిన డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1952 నుండి 1957 వరకు మధ్యప్రదేశ్ గవర్నరు. గవర్నరును రాష్ట్రపతి నియమిస్తారు. ఓటుతో దింపుటకు శాసనసభకు అధికారం లేదు. ముఖ్యమంత్రి అట్లు కాదు. ప్రకాశంగారిని ఒక్క ఓటు దింపింది. ఎవరి వలన పదవి వచ్చినదో వారికే జవాబు చెప్పవలెననుట ఇందలి సూత్రం.

ఈ సూత్రాన్ని మన ముంగిటనున్న కొల్లేటికి అన్వయించి చూడండి. గ్రామంలో త్రాగునీరు పంచాయతీ బాధ్యత. చేపలచెరువులు, మురుగుకాలువలు, ఉప్పుటేరు వంటివి రాష్ట్ర ప్రభుత్వ శాఖల అధీనంలోనివి. 1999లో అయిదవ కాంటూరు వరకు వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించిన పిదప, దాని హద్దులు మార్చవలెనన్న రాష్ట్ర శాసనసభ తీర్మానం ఒక్కటే చాలదు. కేంద్రస్థాయి అనుమతి కావలెను. కొల్లేటి బెస్తవాని గుడిసె ఒక్కటే. దానిపై మూడు ప్రభుత్వాల నీడ పడుచున్నది. ఏ నీడ ఎవరిదో తెలియకపోతే ఆతని అర్జీ ఒక బల్లనుండి మరొక బల్లకు తిరుగుచునే ఉంటుంది.

విద్యార్థి సోదరీ సోదరులారా! చదువుకొన్న వారిగా మనం ఆ అర్జీని సరియైన బల్లవద్దకు చేర్చగలిగినచో, అదియే ప్రజాసేవలో తొలి అడుగు. ఇరువదియొక్క ఏండ్లకు కౌన్సిలరుగా గాని, పంచాయతీ సభ్యుడుగా గాని, ఇరువదియయిదేండ్లకు శాసనసభకు, లోక్‌సభకు గాని పోటీచేయు హక్కు మీకు లభిస్తుంది. మీలో ఎవరు ఏ మెట్టు ఎక్కినను, వీథిదీపం మొదలుకొని విశ్వవిద్యాలయం వరకు ప్రతి పని ఎవరి చేతిలో ఉన్నదో తెలిసి, లెక్క చెప్పుటకు సిద్ధపడి, ఒక్క ఓటుకైనా గౌరవమిచ్చి నడచుకొన్నచో ఆంధ్రకేసరి జీవితం మనకు ఉపకరించినట్లే.